నౌరు ఖజానా లెక్కలు: ఫాస్ఫేట్ నుంచి పౌరసత్వం దాకా

పసిఫిక్ మహాసముద్రంలో భూమధ్యరేఖకు కాస్త దక్షిణంగా, 21 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో ఉన్న నౌరు ప్రపంచంలోని గణతంత్ర దేశాలన్నిటిలోకీ చిన్నది. జనాభా సుమారు 12 వేలు. 1970లలో తలసరి ఆదాయం లెక్కన ఈ దేశం ప్రపంచంలోనే మొదటి వరసలో ఉండేది. ఆదాయపు పన్ను లేదు. చదువు, వైద్యం ఉచితం. దీవిలో నయం కాని జబ్బు చేస్తే ప్రభుత్వమే తన ఖర్చుతో మెల్బోర్న్ ఆసుపత్రులకు పంపేది. ముప్పై ఏళ్లు తిరిగేసరికి అదే దేశంలో ప్రభుత్వోద్యోగులకు జీతాలు సక్రమంగా అందలేదు, ప్రభుత్వ బ్యాంకులో జనం దాచుకున్న డబ్బు చేతికి రాలేదు, జాతీయ విమానయాన సంస్థకు మిగిలిన ఒకే ఒక్క విమానాన్ని 2005 డిసెంబరులో అమెరికా ఎగుమతి–దిగుమతి బ్యాంకు బాకీ కింద స్వాధీనం చేసుకుంది.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్న సామెతను గుర్తుకు తెచ్చే రీతిలోనే నౌరు గురించి చాలామంది రాస్తుంటారు. అనాయాసంగా డబ్బు వచ్చింది, దుబారా చేశారు, చెడిపోయారు అన్నది ఆ కథనం. అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే ఆ మాటతో సరిపెట్టుకుంటే ఆ ప్రభుత్వాలు ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నాయో, వాటిలో ఏది తప్పు, ఏది గత్యంతరం లేక చేసినది అన్న విచక్షణ పోతుంది. ఫాస్ఫేట్ తవ్వకం, ట్రస్టు నిధి, పేరుకే ఉన్న బ్యాంకులు, శరణార్థుల శిబిరం, చైనా–తైవాన్ల మధ్య అటూ ఇటూ మారడం, సముద్రగర్భ ఖనిజాలు, పౌరసత్వ విక్రయం — వీటిని విడివిడిగా చూస్తే ఒక్కొక్కటీ ఒక వింత వార్తలా కనిపిస్తుంది. వరసలో పెట్టి చూస్తే ఇవన్నీ ఒకే చిక్కుముడికి వేర్వేరు కాలాల్లో దొరికిన జవాబులు. ఒక్కసారే వచ్చే డబ్బును ఏటేటా వచ్చే రాబడిగా మార్చడం ఎలా, ఆ డబ్బుపెట్టె తాళం ఎవరి చేతిలో ఉండాలి అన్నదే ఆ చిక్కుముడి.

చేతికి వచ్చేసరికే సగం అరిగిన ఆస్తి

నౌరును 1888లో జర్మనీ కలుపుకుంది. సిడ్నీలోని ఒక కంపెనీ కార్యాలయంలో తలుపుకు అడ్డంగా పెట్టిన రాతిని ఆల్బర్ట్ ఎల్లిస్ అనే ఉద్యోగి పరీక్షించగా అది ఎరువుల తయారీకి వాడే మేలురకం ఫాస్ఫేట్ అని తేలింది. ఆ రాయి వచ్చింది నౌరు నుంచి. 1907 నాటికి ఎగుమతి మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభంలోనే ఆస్ట్రేలియా సేనలు దీవిని ఆక్రమించాయి. యుద్ధం ముగిశాక బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ప్రభుత్వాలు ఒక ఒప్పందానికి వచ్చి బ్రిటిష్ ఫాస్ఫేట్ కమిషనర్లు అనే సంస్థను పెట్టి, 42, 42, 16 శాతం చొప్పున ఖనిజాన్ని పంచుకున్నాయి. ఈ సంస్థ లాభం కోసం నడిచినది కాదు, అసలు సంగతి అక్కడే ఉంది. తవ్వకానికీ రవాణాకూ అయిన ఖర్చుకే ఫాస్ఫేట్‌ను ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ రైతులకు ఇచ్చేవారు. అంతర్జాతీయ ధరకూ ఆ ధరకూ మధ్య ఉన్న తేడా ఆ రెండు దేశాల పొలాల్లోకి వెళ్లింది. నౌరు కుటుంబాలకు దక్కిన రాయల్టీని టన్నుకు ఇన్ని పెన్నీలని లెక్కగట్టేవారు.

తవ్వకం వల్ల నేలకు ఏమైందో దగ్గరగా చూస్తే తప్ప ఆ తర్వాతి నిర్ణయాలు అర్థం కావు. దీవి మధ్యభాగాన్ని స్థానికులు టాప్‌సైడ్ అంటారు. అది పగడపు సున్నపురాతితో ఏర్పడిన పీఠభూమి. ఆ రాతిలో నిలువుగా లేచిన స్తంభాల మధ్య సందుల్లో ఫాస్ఫేట్ యుగాల తరబడి పేరుకుంది. పైనున్న మట్టినీ చెట్లనూ తొలగించి సందుల్లోని ఫాస్ఫేట్‌ను తోడేశాక మిగిలేది మొనదేలిన రాతి స్తంభాల గుంపు. కొన్ని చోట్ల వాటి ఎత్తు పది మీటర్లు దాటుతుంది. వాటి మధ్య మనిషి నడవడమే కష్టం, ఇల్లు కట్టడం, సాగు చేయడం సరేసరి. దీవిలో సుమారు ఐదింట నాలుగు వంతులు ఇలా తయారయింది. జనమంతా తీరం వెంబడి ఉన్న సన్నని పట్టీలో ఇరుక్కున్నారు. కూరగాయ మొదలు తాగునీటి దాకా చాలాభాగం ఓడల్లో రావలసిందే, లేదా సముద్రపు నీటిని శుద్ధి చేసుకోవలసిందే. దిగుమతి తిండి మీద బతకడానికీ, ఆ జనాభాలో మధుమేహం విపరీతంగా ఉండడానికీ ఈ నేల పోవడంతో నేరుగా సంబంధం ఉంది.

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం 1,200 మంది నౌరు వాసులను ట్రుక్ దీవులకు తరలించింది. 737 మంది మాత్రమే బతికి 1946 జనవరి 31న ఇల్లు చేరారు. ఆ తేదీనే స్వాతంత్ర్య దినంగా ఎంచుకుని 1968 జనవరి 31న నౌరు స్వతంత్ర దేశమైంది. అంతకు కొన్నేళ్ల ముందు ఆస్ట్రేలియా మరో దారి చూపింది. ఖనిజం అయిపోయాక దీవి నివాసయోగ్యంగా ఉండదు కనుక జనాన్నంతా క్వీన్స్‌లాండ్ తీరంలోని కర్టిస్ దీవికి తరలిస్తామన్నది ఆ ప్రతిపాదన. అక్కడ తమకు సార్వభౌమాధికారం ఉండదని గ్రహించి హామర్ డిరోబర్ట్ నాయకత్వంలోని నౌరు ప్రతినిధులు 1964లో దానిని తోసిపుచ్చారు. ఆ తర్వాత కాలంలో నౌరుకు అమ్ముకోవడానికి మిగిలిన వాటిలో ఎక్కువ భాగం ఆ సార్వభౌమాధికారం నుంచి పుట్టినవే కాబట్టి, ఆ నిర్ణయం విలువ అప్పటికంటే ఇప్పుడే బాగా తెలుస్తోంది.

1967లో కుదిరిన ఒప్పందం ప్రకారం బ్రిటిష్ ఫాస్ఫేట్ కమిషనర్ల ఆస్తులను నౌరు 2 కోట్ల 10 లక్షల ఆస్ట్రేలియా డాలర్లకు కొనుక్కుంది. అంటే తమ నేలను తవ్విన యంత్రాలనూ, ఓడల్లోకి ఖనిజం నింపే నిర్మాణాలనూ ఆ నేల యజమానులే డబ్బిచ్చి తీసుకున్నారు. 1970లో తవ్వకం పూర్తిగా వారి చేతికి వచ్చింది. అయితే ఒక అంశం మాత్రం తేలలేదు. స్వాతంత్ర్యానికి ముందు తవ్విన భూమిని బాగుచేసే ఖర్చు ఎవరిది? ఒప్పందం కింద నౌరుకు దక్కుతున్న ధర ఉదారంగానే ఉంది, ఆ ఖర్చు కూడా అందులోనే కలిసి ఉందన్నది పాలక దేశాలైన బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల వాదన. నౌరు దానిని ఒప్పుకోలేదు. ఈ బాకీ తేలకుండానే కొత్త దేశం ప్రయాణం మొదలైంది.

ట్రస్టు ఎలా కరిగింది

కొత్త ప్రభుత్వానికి ముందుచూపు లేదన్న విమర్శ అన్యాయం. ఖనిజం ఒక తరంలో అయిపోతుందని వారికి మొదటి రోజు నుంచే తెలుసు. అందుకే నౌరు ఫాస్ఫేట్ రాయల్టీల ట్రస్టును ఏర్పాటు చేశారు. అమ్మిన ప్రతి టన్ను మీదా వచ్చిన డబ్బులో కొంత బడ్జెట్‌కు, కొంత స్థానిక మండలికి, కొంత భూయజమానులైన కుటుంబాలకు వెళ్లేది. మిగిలినది దీర్ఘకాలిక పెట్టుబడి, ఇళ్ల నిర్మాణం, భూపునరుద్ధరణ వంటి పద్దుల కింద ట్రస్టులో చేరేది. 1974లో మొరాకో ఫాస్ఫేట్ ధరను కొన్ని రెట్లు పెంచడంతో అంతర్జాతీయ మార్కెట్టే మారిపోయింది. ఏటా దాదాపు 20 లక్షల టన్నులు ఎగుమతి చేస్తున్న నౌరు మీద డబ్బు వర్షం కురిసింది. ట్రస్టు విలువ ఒక దశలో 100 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు దాటింది. పది వేల లోపు పౌరులున్న దేశానికి అది తరతరాలకు సరిపడే నిధి.

ఆ నిధిలో ఎక్కువ భాగం భవనాల్లోకి వెళ్లింది. మెల్బోర్న్ కాలిన్స్ వీధిలో 52 అంతస్తుల నౌరు హౌస్ 1977లో పూర్తయింది. హొనొలులులో నివాస భవనాలు, ఫిజీ రాజధాని సువాలో హోటలు, ఇంకా పలుచోట్ల స్థిరాస్తులు వచ్చాయి. వీటిలో కొన్ని మంచి పెట్టుబడులే. నౌరు హౌస్ కట్టడానికి అయిన ఖర్చుకూ ఆ స్థలానికి నేడున్న విలువకూ పోలికే లేదు. మరికొన్ని దారుణంగా దెబ్బతిన్నాయి: సువాలోని హోటలు మూతబడి ఏళ్ల తరబడి పాడుబడింది, 1993లో లండన్‌లో ఒక సంగీత నాటకానికి పెట్టిన డబ్బు కొద్ది వారాల్లోనే పోయింది, అధిక వడ్డీ ఆశచూపే నకిలీ బ్యాంకు పత్రాల మోసంలోనూ ట్రస్టు ఇరుక్కుంది. పత్రికలు ఎక్కువగా రాసింది ఈ నాటకం గురించే. నా ఉద్దేశంలో అది చిన్న నష్టం.

అసలు నష్టం కనబడకుండా జరిగింది. 1980ల నుంచి తవ్వకం తగ్గుతూ వచ్చింది, ఖర్చు మాత్రం తగ్గలేదు. జెట్ విమానాల దండుతో సగం ఖాళీగా తిరిగే విమానయాన సంస్థ, పనిచేయగలిగిన నౌరు పౌరుల్లో అత్యధికులకు ప్రభుత్వ కొలువు, పన్ను అన్నదే లేని ఖజానా — ఇవన్నీ అలాగే కొనసాగాయి. ఏటా వచ్చే లోటును పూడ్చడానికి ట్రస్టు ఆస్తులను చూపి అప్పులు తెచ్చారు. ఆస్తి అమ్మలేదు కాబట్టి నిధి చెక్కుచెదరనట్టే ఉంటుంది; దాని మీద పెరుగుతున్న వడ్డీ మాత్రం లోలోపల దానిని తినేస్తుంది. అసలు, వడ్డీ తేడా తెలియనివారు ఆ మంత్రివర్గాల్లో ఉన్నారని నేను అనుకోను. ఆ తేడాను బయటపెట్టి అడిగే వ్యవస్థ లేదు. ట్రస్టు లెక్కలు ప్రజలకు అందుబాటులో ఉండేవి కావు. ట్రస్టీలను నియమించేదీ, బడ్జెట్ లోటుకు బాధ్యత వహించేదీ, అప్పు కావాలని అడిగేదీ ఒకే మంత్రివర్గం. 2004లో అమెరికా రుణసంస్థ జీఈ క్యాపిటల్ బాకీల కోసం ఆస్తులను రిసీవర్ల (బాకీ వసూలుకు ఆస్తులను స్వాధీనం చేసుకునేవారి) చేతికి ఇప్పించింది; నౌరు హౌస్ ఆ ఏడాదే అమ్ముడుపోయింది.

ఇక్కడ పార్లమెంటు నిర్మాణం కూడా చూడాలి. అప్పట్లో సభ్యులు 18 మంది. అధ్యక్షుణ్ణి వారే తమలోంచి ఎన్నుకుంటారు. గట్టి రాజకీయ పార్టీలు లేవు. పదిమంది ఒకవైపు చేరితే ప్రభుత్వం పడిపోతుంది. 1989లో తొలి అధ్యక్షుడు డిరోబర్ట్ దిగిపోయినప్పటి నుంచి దాదాపు పదిహేనేళ్లు అధ్యక్షులు వస్తూ పోతూ ఉన్నారు. కొందరు కొద్ది నెలలే ఉన్నారు. ఓటరు, భూయజమాని, ప్రభుత్వోద్యోగి, సభ్యుడి బంధువు — ఈ నాలుగు పాత్రలూ ఒకే మనిషివి కాగల చోట, వచ్చే నెల పదవి ఉంటుందో ఊడుతుందో తెలియని ఆర్థిక మంత్రి జీతాలు కోస్తానని లేచి నిలబడడం ఎంత కష్టమో ఊహించవచ్చు. ఇది నౌరు ప్రజల గుణదోషం కాదు. మరే దేశంలోనైనా ఆ నిబంధనలే ఉంటే ఇదే జరిగేది.

ఆ మాట ఊరికే అనడం లేదు. పొరుగున ఉన్న కిరిబాటిలో వేరే విధంగా జరిగింది. అక్కడి బనాబా దీవినీ ఇదే కమిషనర్లు తవ్వారు. ఆ డబ్బులో కొంత పక్కన పెట్టి 1956లో, ఇంకా వలస పాలనలో ఉండగానే, రాబడి సమీకరణ నిధి అని ఒకటి పెట్టారు. దానిని విదేశీ బాండ్లలోనూ షేర్లలోనూ విస్తరించి, బడ్జెట్ లోటుకు పరిమితంగానే వాడుతూ వచ్చారు. 1979లో స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే బనాబాలో తవ్వకం ఆగిపోయింది. నిధి మాత్రం నేటికీ ఉంది, దాని విలువ 100 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు పైనే. ఇందులో ఒక అన్యాయం ఉందని కూడా చెప్పాలి. దీవిని పోగొట్టుకున్న బనాబా ప్రజలను 1945లోనే ఫిజీలోని రాబీ దీవికి తరలించారు. వారి నేల డబ్బు ప్రధానంగా ఇతరుల భద్రతకు పనికివచ్చింది. అయినా నిధి నిర్వహణ వరకు చూస్తే కిరిబాటి చూపిన నిగ్రహం గట్టిది.

ఇదే కాలంలో నౌరు తీసుకున్న ఒక నిర్ణయానికి తగినంత గుర్తింపు రాలేదు. తేలకుండా ఉండిపోయిన భూపునరుద్ధరణ బాకీపై శ్రీలంక న్యాయకోవిదుడు క్రిస్టఫర్ వీరమంత్రి అధ్యక్షతన ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేసింది. ఆ సంఘం సేకరించిన ఆధారాలతో 1989లో ఆస్ట్రేలియాపై అంతర్జాతీయ న్యాయస్థానంలో దావా వేసింది. బ్రిటన్, న్యూజిలాండ్ లేకుండా ఒక్క తన మీదే దావా చెల్లదని ఆస్ట్రేలియా వాదించింది. 1992 జూన్‌లో న్యాయస్థానం ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చింది. పూర్తి విచారణకు ముందే 1993లో ఇరుపక్షాలూ రాజీకి వచ్చాయి. ఆస్ట్రేలియా మొత్తం 10 కోట్ల 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. అందులో 5 కోట్ల 70 లక్షలు మొదట, మిగిలినది ఇరవై ఏళ్లపాటు ఏటా 25 లక్షల చొప్పున. పది వేల మంది దేశం ఒక సంపన్న దేశాన్ని న్యాయస్థానానికి లాగి పరిహారం రాబట్టడం చిన్న విషయం కాదు. అయితే రాతి స్తంభాల నేలను తిరిగి సాగుకూ నివాసానికీ తేవడానికి ఆ డబ్బు ఏ మూలకూ సరిపోలేదు.

సార్వభౌమాధికారం అంగడిలోకి వచ్చినప్పుడు

ఖనిజం తరిగిపోయింది, నిధి తాకట్టులో ఉంది. ఇక మిగిలింది దేశం అనే హోదా ఒక్కటే. చట్టాలు చేసే అధికారం, వీసాలు ఇచ్చే అధికారం, ఐక్యరాజ్యసమితిలో ఓటు, చుట్టూ ఉన్న సముద్రం మీద హక్కు — ఇవి ఎంత చిన్న దేశానికైనా పెద్ద దేశంతో సమానంగా ఉంటాయి. 1990ల నుంచి నౌరు విధానాలన్నీ ఈ హోదాను రాబడిగా మార్చే ప్రయత్నాలే.

మొదటి ప్రయత్నం అన్నిటికంటే హానికరమైనది. కార్యాలయం, సిబ్బంది లేకుండా కాగితం మీద మాత్రమే ఉండే బ్యాంకులకు నౌరు లైసెన్సులు ఇచ్చింది. వందలాది బ్యాంకులకు చిరునామా ఒకే ఒక తపాలా పెట్టె. 1998 ఒక్క ఏడాదిలోనే సుమారు 7 వేల కోట్ల అమెరికా డాలర్లు రష్యా నుంచి నౌరు బ్యాంకుల పేరిట తరలిపోయాయని రష్యా కేంద్ర బ్యాంకు అధికారి ఒకరు చెప్పారు. ఆ డబ్బు దీవిని తాకను కూడా లేదు; నౌరుకు దక్కింది లైసెన్సు రుసుం మాత్రమే. 2000లో నల్లధన నియంత్రణ సంస్థ ఎఫ్ఏటీఎఫ్ నౌరును సహకరించని దేశాల జాబితాలో పెట్టింది. ఆ బ్యాంకులన్నీ రద్దయ్యాక 2005లో గానీ దానిని తొలగించలేదు. మచ్చ మాత్రం చాలాకాలం వెంటాడింది. సొంత బ్యాంకు కుప్పకూలిన తర్వాత దీవిలో సాధారణ పౌరుడికి బ్యాంకు సేవలే లేకుండా ఏళ్లు గడిచాయి. 2015లో ఆస్ట్రేలియాకు చెందిన బెండిగో బ్యాంకు శాఖ వచ్చే దాకా లావాదేవీలు నోట్ల కట్టలతోనే నడిచాయి.

రెండోది శరణార్థుల శిబిరం. 2001 ఆగస్టులో టాంపా అనే నార్వే ఓడ సముద్రంలో మునిగిపోతున్న పడవ నుంచి 433 మందిని రక్షిస్తే వారిని తన గడ్డ మీద దిగనివ్వడానికి ఆస్ట్రేలియా నిరాకరించింది. కొద్ది రోజుల్లోనే నౌరు అధ్యక్షుడు రెనె హ్యారిస్ ఒప్పందంపై సంతకం పెట్టారు. బదులుగా మొదట 2 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల సహాయం వచ్చింది. శిబిరం 2008లో మూతపడి, 2012లో మళ్లీ తెరుచుకుంది. అక్కడ ఉంచినవారిలో పిల్లలు కూడా ఉండేవారు. ఏళ్ల తరబడి ఎటూ తేలని నిర్బంధం వారి మనసులను ఎంత గాయపరిచిందో వైద్యులూ, మానవహక్కుల సంస్థలూ పదేపదే నమోదు చేశాయి. 2014లో విదేశీ పాత్రికేయుల వీసా రుసుమును నౌరు ప్రభుత్వం 200 నుంచి 8,000 ఆస్ట్రేలియా డాలర్లకు పెంచింది. అడిగినవారికి వీసా రాకపోతే ఆ డబ్బు తిరిగివచ్చేది కాదు. ఇది రాబడి కోసం చేసిన పని కాదు, చూసే కళ్లను దూరంగా ఉంచడానికి చేసిన పని. నౌరు గత్యంతరం లేని స్థితిలో ఉందన్నది నిజమే గానీ ఈ ఒక్క నిర్ణయాన్ని ఆ కారణంతో సమర్థించడం నా వల్ల కాదు.

దౌత్య గుర్తింపు విషయం క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. 1980 నుంచి తైవాన్‌ను గుర్తిస్తూ వచ్చిన నౌరు 2002లో చైనా వైపు మారింది. 2005లో మళ్లీ తైవాన్‌కు వచ్చింది. 2024 జనవరి 15న, తైవాన్ ఎన్నికలు జరిగిన రెండు రోజులకే, మరోసారి చైనాను గుర్తించింది. ఈ మార్పుల వెనుక అభివృద్ధి సహాయం లెక్కలు ఉన్నాయన్నది దాపరికం కాదు. ఇలాంటి రాబడికి ఒక పరిమితి ఉంది: మాట మార్చిన ప్రతిసారీ ఆ మాటకు ధర తగ్గుతుంది.

చేపల లెక్క వేరు

సార్వభౌమాధికారం నుంచి వచ్చిన రాబడుల్లో ఒక్కటి మాత్రం వీటన్నిటికీ భిన్నమైనది. నౌరు చుట్టూ మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడిన సముద్రం మీద దానికి ఆర్థిక హక్కులున్నాయి, అందులో ట్యూనా చేపలు సమృద్ధిగా తిరుగుతాయి. పూర్వం దూరదేశాల నౌకలు ఒక్కో చిన్న దేశంతో విడిగా బేరమాడి, పట్టిన చేప విలువలో నామమాత్రపు వాటా చేతిలో పెట్టి వెళ్లేవి. 1982లో నౌరు, కిరిబాటి, మార్షల్ దీవులు, మైక్రోనేషియా, పలావు, పాపువా న్యూగినీ, సాలమన్ దీవుల మధ్య నౌరు ఒప్పందం పేరిట ఒక కూటమి ఏర్పడింది; తువాలు తర్వాత చేరింది. 2007లో ఆ కూటమి నౌకా దినాల పద్ధతిని అమలులోకి తెచ్చింది.

ఆ పద్ధతి ఇలా పనిచేస్తుంది. ఒక ఏడాదిలో మొత్తం ఎన్ని రోజుల వేటను అనుమతించవచ్చో, చేపల నిల్వలను చూసుకుని కూటమి ముందే తేలుస్తుంది. ఆ రోజులను సభ్యదేశాలు పంచుకుంటాయి. వలతో చుట్టివేసి చేపలు పట్టే విదేశీ నౌక వేటాడదలచుకున్న ప్రతి రోజుకూ ధర చెల్లించి హక్కు కొనుక్కోవాలి. నౌక ఎక్కడ ఉందో ఉపగ్రహ పరికరం చెబుతూనే ఉంటుంది కాబట్టి రోజులను దాచడం కుదరదు. 80 మీటర్ల కంటే పొడవైన నౌకకు ఒక రోజును ఒకటిన్నర రోజుగానూ, 50 మీటర్ల కంటే చిన్నదానికి అర రోజుగానూ లెక్కిస్తారు. రోజుకు కనీస ధర అంచెలంచెలుగా పెరిగి 8,000 అమెరికా డాలర్లకు చేరింది. ఆ కనీస ధర కంటే తక్కువకు ఏ సభ్యదేశమూ అమ్మకూడదు.

దీని వల్ల రెండు మేళ్లు జరిగాయి. నిల్వను మించి పట్టనంత కాలం చేప మళ్లీ పుడుతుంది కాబట్టి ఇది అసలును తినే రాబడి కాదు. పైగా, ఒంటరిగా బేరమాడినప్పుడు బలహీనమైన నౌరు కూటమిలో భాగంగా బేరమాడినప్పుడు బలమైనది. ప్రపంచపు స్కిప్‌జాక్ ట్యూనాలో పెద్ద వాటా ఈ దేశాల జలాల నుంచే వస్తుంది. కొనేవాడికి వేరే దుకాణం లేదు. నౌరు ప్రభుత్వాలు తీసుకున్న విధాన నిర్ణయాలన్నిటిలోనూ అత్యుత్తమమైనది ఏదని అడిగితే ఈ కూటమిలో చేరడమేనని చెబుతాను.

శిబిరం డబ్బు, చేపల డబ్బు కలిసి 2012 తర్వాత ఖజానా మళ్లీ నిండింది. అప్పుడు పాత తప్పు పునరావృతం కాకుండా రెండు నిర్ణయాలు జరిగాయి. 2014లో మొదటిసారిగా జీతాల మీద పన్ను వేశారు. 2015లో తరాంతర ట్రస్టు నిధిని స్థాపించారు. దీనికీ పాత ట్రస్టుకూ తేడా పేరులో లేదు, నిబంధనల్లో ఉంది. నౌరుతో పాటు ఆస్ట్రేలియా, తైవాన్, ఆసియా అభివృద్ధి బ్యాంకు మొదట్లో ఇందులో డబ్బు వేశాయి. డబ్బు వేసిన వారికి నిర్వహణ సంఘంలో చోటుంది. 2033 దాకా ఒక్క డాలరు కూడా బయటికి తీయడానికి లేదు. అప్పటికి 40 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు పోగుచేయాలన్నది లక్ష్యం. ఒక స్వతంత్ర దేశం తన సొంత నిధి తాళాన్ని విదేశీయులతో పంచుకోవడం ఆత్మగౌరవానికి లోటు కాదా అని అడగవచ్చు. కర్టిస్ దీవిని తిరస్కరించిన దేశానికి ఆ బాధ తప్పకుండా ఉంటుంది. అయినా మంత్రివర్గం తన చేతులు తానే కట్టేసుకోవడం కూడా సార్వభౌమ నిర్ణయమే. పదిమంది సభ్యుల మద్దతుతో తెరుచుకునే పెట్టెకు రెండో తాళం అవసరమని నౌరు అనుభవమే నేర్పింది.

కొత్త బేరాలు

మెక్సికో, హవాయి మధ్య పసిఫిక్ అడుగున నాలుగు కిలోమీటర్ల లోతులో నికెల్, కోబాల్ట్, రాగి, మాంగనీసు ఉన్న బంగాళాదుంపంత ముద్దలు పరుచుకుని ఉన్నాయి. ఏ దేశానికీ చెందని ఆ ప్రాంతంలో అన్వేషణ చేయాలంటే కంపెనీకి ఒక దేశం పూచీ ఉండాలి. కెనడాకు చెందిన కంపెనీ అనుబంధ సంస్థకు నౌరు పూచీ ఇచ్చింది; 2011లో సుమారు 75 వేల చదరపు కిలోమీటర్ల ప్రాంతానికి అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థతో ఒప్పందం కుదిరింది. అంతకు ముందు నౌరు ఒక తెలివైన పని చేసింది. ప్రమాదం జరిగితే నష్టం భరించే స్తోమత తనకు లేదు కాబట్టి పూచీదారు దేశం బాధ్యత ఎంతవరకు అన్నది తేల్చాలని కోరింది. దేశం తగిన చట్టాలు చేసి, శ్రద్ధగా పర్యవేక్షిస్తే కంపెనీ చేసిన నష్టానికి బాధ్యత వహించనక్కర్లేదనీ, ఆ శ్రద్ధ విషయంలో పేద దేశానికీ ధనిక దేశానికీ ఒకటే కొలబద్ద అనీ 2011 ఫిబ్రవరిలో సముద్ర న్యాయ ట్రిబ్యునల్ విభాగం అభిప్రాయం చెప్పింది. నాలుగు కిలోమీటర్ల లోతున పనిచేసే విదేశీ కంపెనీని 12 వేల జనాభా గల దేశపు పరిపాలనా యంత్రాంగం నిజంగా పర్యవేక్షించగలదా అన్నది ఆ అభిప్రాయం తర్వాత కూడా మిగిలే ఉంది.

2021 జూన్‌లో నౌరు, అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థ రెండేళ్లలో తవ్వకం నిబంధనలు పూర్తి చేయాలనే షరతును ప్రయోగించింది. గడువు దాటినా నిబంధనలు రాలేదు. 2025లో ఆ కంపెనీ అమెరికా చట్టం కింద అనుమతి కోరుతూ వేరే దారి పట్టింది. నౌరు తన పూచీ ఒప్పందాన్ని సవరించి దానితోనే సాగుతోంది. లోహపు ముద్ద ఒక్కటి కొన్ని మిల్లీమీటర్లు పెరగడానికి పది లక్షల సంవత్సరాలు పడుతుంది. ఖనిజం మళ్లీ అదే కోవకు చెందినది, ఒక్కసారే అమ్మగలిగినది. ఈసారి గాయపడే నేల నౌరుది కాకపోవడం ఒక్కటే తేడా.

ఆస్ట్రేలియాతో బంధం కూడా మరింత బిగుసుకుంది. 2024 డిసెంబరులో కుదిరిన ఒప్పందం ప్రకారం ఐదేళ్లలో 10 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల బడ్జెట్ సహాయం, పోలీసు, భద్రతా అవసరాలకు మరో 4 కోట్లు వస్తాయి. బదులుగా భద్రత, బ్యాంకింగ్, టెలికాం రంగాల్లో మూడో దేశంతో ఒప్పందాలకు ఆస్ట్రేలియా సమ్మతి కావాలి. 2025 ఆగస్టులో మరొక అవగాహన కుదిరింది. నిరవధికంగా నిర్బంధించరాదన్న ఆస్ట్రేలియా హైకోర్టు తీర్పుతో విడుదలైన, ఆస్ట్రేలియా పౌరులు కాని వ్యక్తుల్లో కొందరిని నౌరు తీసుకుంటుంది. అందుకు మొదట 40 కోట్ల 80 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు, ఆ తర్వాత ఏటా సుమారు 7 కోట్లు అందుతాయి. తరాంతర నిధి పద్దెనిమిదేళ్లలో చేరుకోవాలనుకున్న లక్ష్యం కంటే ఆ మొదటి మొత్తమే ఎక్కువ. ఒక్క సంతకంతో అంత డబ్బు వచ్చే చోట, రేపు ఆస్ట్రేలియాలో ప్రభుత్వమో న్యాయస్థానమో మనసు మార్చుకుంటే ఖజానా ఏమవుతుందన్న ఆలోచన నౌరు పార్లమెంటుకు ఉండి తీరాలి. 2008లో శిబిరం మూతపడినప్పుడు ఒకసారి ఆ దెబ్బ తగిలింది.

ఇక పౌరసత్వం. కనీసం 1,05,000 అమెరికా డాలర్లు చెల్లించే విదేశీయులకు పౌరసత్వం ఇచ్చే పథకాన్ని నౌరు 2024–25లో ప్రకటించింది. 1990లలో పాస్‌పోర్టులు అమ్మి చెడ్డపేరు తెచ్చుకున్న అనుభవం ఉన్నా ప్రభుత్వం మళ్లీ ఆ దారిలోకి రావడానికి చెబుతున్న కారణం బలమైనదే. సముద్రమట్టం పెరుగుతోంది, జనం ఉన్నది తీరపు పట్టీలో, ఎత్తుగా ఉన్న నేల తవ్వి వదిలేసిన టాప్‌సైడ్. జనాభాలో సుమారు 90 శాతాన్ని క్రమంగా అక్కడికి తరలించాలన్న పథకంలో మొదటి దశగా పది హెక్టార్ల భూఖండాన్ని ఎంచుకున్నారు. రాతి స్తంభాలను చదును చేయాలి, మట్టి తేవాలి, నీరు, రోడ్లు, ఇళ్లు ఏర్పాటు చేయాలి. 1967లో ఎవరిదన్నది తేలకుండా ఉండిపోయిన భూపునరుద్ధరణ ఖర్చు ఇదే. దానిని ఇప్పుడు నౌరును ఎన్నడూ చూడని కొత్త పౌరుల రుసుముతో తీర్చాలనుకుంటున్నారు.

ఆ రుసుమును, ఆస్ట్రేలియా చెల్లింపులను వార్షిక బడ్జెట్‌లో కలిపేయకుండా, తరాంతర నిధికి వర్తించే నిబంధనల వంటివాటి కింద ప్రత్యేక పద్దులో పెట్టి ఏటా లెక్కలు ప్రచురించాలని చట్టం చేయడం ప్రస్తుత అధ్యక్షుడు డేవిడ్ అడియాంగ్ ప్రభుత్వానికి సాధ్యమైన పనే. పార్లమెంటులో ఇప్పుడు 19 మంది సభ్యులున్నారు. అలాంటి చట్టానికి కావలసింది ఇప్పటికీ పది ఓట్లే.